ఆన్‌లైన్ కోర్సు చేయాలనుకుంటున్నారా? మైక్, కెమెరా కొనే ముందు ఈ టెస్ట్ చేయండి

ఆన్‌లైన్ కోర్సు మొదలుపెట్టాలనుకునే వాళ్ళు ముందుగా అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "ఏ మైక్ కొనాలి? ఏ కెమెరా బెస్ట్?" తర్వాత రింగ్ లైట్, ట్రైపాడ్, ఎడిటింగ్ కోసం కొత్త ల్యాప్‌టాప్... ఇలా లిస్ట్ పెరుగుతూ పోతుంది. ఇక్కడ ఒక్క స్టూడెంట్ కూడా ఇంకా చేరలేదు! "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అనే సామెత ఇలాంటి వాటికే పుట్టింది.

అసలు ఖర్చు గ్యాడ్జెట్లది కూడా కాదు, మీ టైమ్‌ది. ఒక్కో పాఠానికి స్క్రిప్ట్, షూట్, ఎడిట్ కలిపి 6 గంటలు పడుతుందనుకుందాం. 30 పాఠాలకి 180 గంటలు. కాలేజీయో ఉద్యోగమో చేసుకుంటూ రోజుకి 2 గంటలు కేటాయిస్తే సరిగ్గా 90 రోజులు. మూడు నెలలు కష్టపడ్డాక "ఇది ఎవరికీ అక్కర్లేదు" అని తెలియడం కంటే, రెండు మూడు వారాల్లోనే తెలుసుకోవడం మంచిది కదా. దానికి మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. ఎలాగో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

ముందు ఒక చిన్న కథ

సల్మాన్ ఖాన్ గురించి వినే ఉంటారు. హీరో కాదు, ఖాన్ అకాడమీ పెట్టిన సల్మాన్ ఖాన్. ఆయన 2004లో కోర్సు ప్లాన్ చేయలేదు, స్టూడియో కట్టలేదు. దూరంగా ఉన్న కజిన్ నాదియాకి లెక్కల్లో సాయం కావాలంటే, ఫోన్లో మాట్లాడుతూ, యాహూ డూడుల్ అనే టూల్‌లో రాసి చూపిస్తూ చెప్పారు. అది చూసి మిగతా బంధువుల పిల్లలూ అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పడం కష్టమై 2006లో వీడియోలు యూట్యూబ్‌లో పెట్టడం మొదలుపెట్టారు. ఉద్యోగం మానేసింది 2009లో. అంటే ముందు ఒక్క స్టూడెంట్, తర్వాత కొందరు, ఆ తర్వాతే వీడియోలు. మనలో చాలామంది ఈ ఆర్డర్‌ని తిరగేసి మొదలుపెడుతున్నాం.

స్టెప్ 1: ఐడియాని ఒక్క లైన్‌లోకి తీసుకురండి

"మొబైల్ ఫోటోగ్రఫీ కోర్సు" అనేది ఐడియా కాదు, కేవలం టాపిక్. అది ఎవరికి? నేర్చుకున్నాక వాళ్ళు ఏం చేయగలరు? ఈ రెండూ లైన్‌లో కనిపించాలి. ఉదాహరణకి: "వాట్సాప్‌లో చీరలు అమ్మేవాళ్ళు, అసలు రంగు మారకుండా ఫోన్‌తోనే ఫోటో తీయడం."

ఇందులో నిజమైన సమస్య ఉంది. షాపులో ఒకవైపు ఎల్‌ఈడీ లైటు, ఇంకోవైపు కిటికీ వెలుతురు కలిస్తే ఫోన్ ఆటో వైట్ బ్యాలెన్స్ తికమక పడుతుంది. కనకాంబరం రంగు చీర ఫోటోలో గులాబీ రంగులో కనిపిస్తుంది. పార్సిల్ విప్పిన కస్టమర్ "నేను చూసింది ఇది కాదు" అంటారు. ఇక్కడ పోయేది అమ్మేవాళ్ళ డబ్బు. అలాంటి నొప్పి ఉన్నచోటే కోర్సుకి విలువ ఉంటుంది. ఈ ఆర్టికల్ మొత్తం ఇదే ఉదాహరణతో వెళ్దాం.

స్టెప్ 2: పది మందితో మాట్లాడండి, కానీ ఫ్రెండ్స్‌తో కాదు

ఫ్రెండ్‌ని అడిగితే "అదిరింది మామా, చేసెయ్" అంటాడు. వాడు మిమ్మల్ని ప్రోత్సహిస్తున్నాడంతే, కోర్సు కొనడు. నిజంగా చీరలు అమ్మేవాళ్ళని అడగండి. అడిగేటప్పుడు "నేను కోర్సు చేస్తే కొంటారా?" అనొద్దు. మొహమాటానికి అందరూ "తప్పకుండా" అనేస్తారు. జరిగిపోయిన విషయం అడగండి:

"అక్కా, ఫోటోలో రంగు వేరేగా ఉందని ఈమధ్య ఎవరైనా చీర వెనక్కి పంపారా?"
"అప్పుడు మీరేం చేశారు?"
"ఫోటోల కోసం ఇప్పటిదాకా ఏమైనా ఖర్చు పెట్టారా?"

లైట్ కొన్నారు, ఫోటోగ్రాఫర్‌ని పిలిచారు, యూట్యూబ్‌లో గంటలు గంటలు వెతికారు అంటే సమస్య నిజమైనదే. "అప్పుడప్పుడు అవుతుంటుందిలే తమ్ముడూ" అని నవ్వేసి ఊరుకున్నారంటే వాళ్ళకి అది పెద్ద విషయం కాదన్నమాట. పది మందిలో ఏడెనిమిది మంది ఇలాగే అంటే ఐడియా మార్చుకోండి. ఖర్చు సున్నా.

ఇంకో పని: వాళ్ళు వాడిన మాటలు ఉన్నవి ఉన్నట్టు నోట్ చేసుకోండి. వాళ్ళు "వైట్ బ్యాలెన్స్" అనరు, "ఫోటోలో కలర్ తేడా వస్తోంది" అంటారు. రేపు మీ కోర్సు పేరులో ఉండాల్సింది ఆ మాటే.

స్టెప్ 3: ఒక్క పాఠం బయటికి వదలండి

ఐదారు నిమిషాల వీడియో ఒకటి ఫోన్‌తోనే తీయండి. కిటికీ పక్కన చీర ఎలా పరవాలి, షాపు లైట్ ఎందుకు ఆపాలి, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్ చేత్తో ఎలా సెట్ చేయాలి. ఇంతే. యూట్యూబ్‌లో పెట్టి లింక్‌ని మీరు మాట్లాడిన వాళ్ళకి పంపండి.

వ్యూస్, లైక్స్ పక్కన పెట్టి మూడు విషయాలు చూడండి. ఒకటి, యూట్యూబ్ స్టూడియోలో రిటెన్షన్ గ్రాఫ్: జనం ఎక్కడ వదిలేసి వెళ్ళారు? వ్యూస్ మరీ తక్కువుంటే దీన్ని పెద్దగా నమ్మొద్దు. రెండు, ఎవరైనా ఇంట్లో ట్రై చేసి ఫోటో పంపారా? మూడు, "మరి నగలకి ఎలా?" లాంటి తర్వాతి ప్రశ్న వచ్చిందా? ట్రై చేసి పంపిన ఒక్క ఫోటో, వంద లైకుల కంటే గట్టి సాక్ష్యం.

గూగుల్ ట్రెండ్స్ కూడా ఒకసారి చూడొచ్చు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విడివిడిగా ఎంచుకోవచ్చు. కానీ అందులో కనిపించే 0 నుంచి 100 అంకెలు ఎంతమంది వెతికారో చెప్పవు. ఆసక్తి ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు తగ్గిందనే పోలిక మాత్రమే చూపిస్తాయి.

స్టెప్ 4: ధర చెప్పండి

అసలు పరీక్ష ఇక్కడే. బఫర్ అనే సోషల్ మీడియా టూల్‌ని జోయెల్ గాస్కోయిన్ 2010లో ఇలాగే టెస్ట్ చేశారు. ప్రొడక్ట్ తయారు కాకముందే ఒక చిన్న వెబ్ పేజీ పెట్టారు. ఆసక్తి ఉన్నవాళ్ళు ఈమెయిల్ ఇచ్చారు. అక్కడితో ఆగకుండా మధ్యలో ధరల పేజీ ఒకటి చేర్చి, డబ్బు కట్టే ప్లాన్‌ని ఎవరైనా నొక్కుతారా అని చూశారు. కొందరు నొక్కారు. ఆ తర్వాతే కోడ్ రాయడానికి కూర్చున్నారు.

మీరు చేయాల్సింది ఇంకా సింపుల్. ఒక గూగుల్ ఫామ్, ఒక యూపీఐ క్యూఆర్ కోడ్. "నాలుగు లైవ్ క్లాసులు, ఒక్కోటి గంట లోపే, 15 మందికి మాత్రమే, రూ.499" అని స్పష్టంగా రాయండి. ఇది మొదటి బ్యాచ్ అనీ, రికార్డెడ్ కోర్సు ఇంకా తయారు కాలేదనీ దాచకుండా చెప్పండి. క్లాసుల తేదీలు, డబ్బు వాపసు ఎప్పుడు ఎలా ఇస్తారో కూడా ముందే రాసేయండి. తీసుకున్న డబ్బుని మొదటి క్లాసు అయ్యేదాకా ముట్టుకోకండి. సరిపడా మంది రాకపోతే అదే రోజు తిరిగి పంపేయండి. డబ్బు విషయంలో ఒకసారి పేరు పోతే తర్వాత ఎంత మంచి కోర్సు చేసినా ఎవరూ నమ్మరు.

ఫామ్ షేర్ చేసే ముందే పాస్ మార్కు కాగితం మీద రాసుకోండి. "40 మందికి పంపుతాను, 8 మంది డబ్బు కడితే ముందుకెళ్తాను" అని. ఈ అంకెలు ఉదాహరణకే, మీ టాపిక్‌ని బట్టి మీరే పెట్టుకోండి. ముందే రాసుకోకపోతే, ఇద్దరే వచ్చినా మనసు "పర్లేదులే, పండగ సీజన్ కదా" అని సర్దిచెప్పేస్తుంది.

స్టెప్ 5: లైవ్‌లో చెప్పండి, తర్వాతే రికార్డ్ చేయండి

గూగుల్ మీట్ ఉచిత అకౌంట్‌లో 100 మంది వరకు, గ్రూప్ కాల్ 60 నిమిషాల వరకు నడుస్తుంది. జూమ్ ఉచిత ప్లాన్‌లో అయితే 40 నిమిషాలే. మొదటి బ్యాచ్‌కి మీట్ చాలు.

ప్రతి క్లాసు తర్వాత ఈ నాలుగూ రాసుకోండి:

- ఎంతమంది వచ్చారు? నాలుగో క్లాసుకి ఎంతమంది మిగిలారు?
- ఏ ప్రశ్న ఎక్కువసార్లు వచ్చింది? అది మీ సిలబస్‌లో లేని పాఠం.
- ఎక్కడ ఎవరూ ఏమీ అడగలేదు? ఆ భాగం బహుశా అక్కర్లేదు.
- హోంవర్క్ ఫోటోలు ఎంతమంది పంపారు?

30 పాఠాలు అనుకున్నది 11కి తగ్గిపోవచ్చు. అది నష్టం కాదు, 19 పాఠాల షూటింగ్ తప్పినట్టే.

ఫైనల్‌గా: ఏ రిజల్ట్ వస్తే ఏం చేయాలి?

డబ్బు కట్టారు, చివరిదాకా ఉన్నారు: కోర్సు రికార్డ్ చేయండి. మొదటి బ్యాచ్ ప్రశ్నలే మీ స్క్రిప్ట్.

డబ్బు కట్టారు, మధ్యలో మానేశారు: ఐడియా మంచిదే, చెప్పే తీరు మార్చాలి. మానేసిన వాళ్ళకి ఫోన్ చేసి కారణం అడగండి. ఇంకో చిన్న బ్యాచ్ నడపండి.

మెచ్చుకున్నారు, డబ్బు మాత్రం కట్టలేదు: ధర తగ్గించే ముందు స్టెప్ 1కి వెళ్ళండి. "ఎవరికి" అన్నది మార్చి చూడండి. చీరల వాళ్ళకి పట్టని విషయం, ఇంట్లో కేకులు చేసి అమ్మేవాళ్ళకి పెద్ద తలనొప్పి కావచ్చు.

ఇక గ్యాడ్జెట్ల సంగతి. మొదటి బ్యాచ్‌లో "మీ వాయిస్ సరిగ్గా వినబడట్లేదు" అని నలుగురు అంటే, వాళ్ళు కట్టిన డబ్బుతోనే ఒక కాలర్ మైక్ కొనండి. "స్క్రీన్ కనబడట్లేదు" అంటే ట్రైపాడ్, లైట్ గురించి ఆలోచించండి. ఎవరూ ఏమీ అనకపోతే మీ పాత ఫోనే ఇంకో బ్యాచ్‌కి సరిపోతుంది.