మాయమైన హెచ్చరిక

నేను గమ్హరియా శాఖకు బదిలీ అయి వచ్చాక ఇంట్లో నాకు మిగిలిన కాలక్షేపం పాత ల్యాప్‌టాప్ ఒకటి. శాఖల కంప్యూటరీకరణ రోజుల్లో యూనిక్స్ మీద పని నేర్చుకున్నదాన్ని కాబట్టి దానిలో లైనక్సే వేయించుకున్నాను. ఇంజినీరింగ్ చదువుతున్న మావాడు సెలవులకు వచ్చినప్పుడు, ఫోనులోని ఫొటోలను తేదీలవారీగా పెన్‌డ్రైవ్‌లోకి సర్దే చిన్న ఆదేశం రాసిపెట్టాడు. దానికి మాన్యువల్ పేజీ కూడా రాసి, "సందేహం వస్తే ఇది చూడమ్మా, నాకు ఫోన్ చెయ్యక్కర్లేదు" అన్నాడు.

చూశాను. "మూవ్" అనే ఆప్షన్ పక్కన "ఫొటోలను కొత్త చోటికి మారుస్తుంది" అని మాత్రమే ఉంది. వాడాను. పెన్‌డ్రైవ్ మధ్యలోనే నిండిపోయింది. ఆదేశం అది పట్టించుకోకుండా ఫోనులో ఉన్నవన్నీ తుడిచేసింది. పోయినవాటిలో మా అమ్మతో గడిపిన ఆఖరి సంక్రాంతి ఫొటోలున్నాయి. చుట్టాల ఫోన్ల నుంచి కొన్ని దొరికాయి. అన్నీ దొరకలేదు.

"హెచ్చరిక రాశాను కదమ్మా!" అన్నాడు మావాడు. "ఎక్కడ రాశావురా?" అని మూల ఫైలు తెరిపించాను. నిజమే, రాశాడు. 'మూవ్' వాడితే అసలు ఫొటోలు చెరిగిపోతాయి, ముందు ఖాళీ చూసుకోండి అని. ఫైలులో ఉన్న ఆ వాక్యం తెరమీద మాత్రం లేదు.

ఎందుకు లేదో ఆ రాత్రి ఇద్దరం కూర్చుని తేల్చుకున్నాం. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల యూనిక్స్ మాన్యువల్ మొదటి కూర్పు మీద ఉన్న తేదీ 1971 నవంబరు 3. ఆనాటి రాఫ్ అనే అక్షరసజ్జ పద్ధతే ఈనాటికీ నడుస్తోంది. లైనక్స్‌లో ఎక్కువగా కనిపించే గ్రాఫ్ దాని వారసురాలే. జేమ్స్ క్లార్క్ దాన్ని 1990లో విడుదల చేశారు. ఈ పద్ధతిలో చుక్కతో మొదలైన లైను పాఠం కాదు, ఆజ్ఞ. చుక్క, ఎస్, హెచ్ అంటే శీర్షిక. చుక్క, బి అంటే బొద్దు అక్షరాలు. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఒంటి కొటేషన్ గుర్తుతో మొదలైన లైను కూడా ఆజ్ఞే. మావాడి వాక్యం సరిగ్గా ఆ గుర్తుతోనే మొదలైంది. అలాంటి ఆజ్ఞ ఏదీ లేదు కాబట్టి గ్రాఫ్ కిక్కురుమనకుండా లైను మొత్తం వదిలేసింది. చలానులో "కార్యాలయ ఉపయోగార్థం" గడిలో రాసిన మాటను కౌంటర్లో ఎవరూ ఖాతాదారు మాటగా చదవరు కదా, అలాగన్నమాట.

మందు చిన్నదే. ఆ గుర్తుకు ముందు బ్యాక్‌స్లాష్, వెంటనే యాంపర్‌శాండ్ పెట్టాలి. అవి తెరమీద కనిపించవు, లైనును మాత్రం పాఠంగా నిలబెడతాయి. ఇలాంటి తప్పుల్ని మ్యాన్ ఆదేశానికి ఉన్న "వార్నింగ్స్" ఆప్షన్ పట్టి చూపిస్తుంది. అడగనిదే చెప్పదు, అదే దాని గుణం.

పేజీ తెరిచాం కాబట్టి మిగతా చెత్త కూడా ఊడ్చాం. స్పేసులు కొట్టి వరస చేసిన ఆప్షన్ల జాబితా చిన్న కిటికీలో చెల్లాచెదురైపోతోంది. దాన్ని చుక్క, టి, పి అనే ఆజ్ఞతో సరిచేశాం. ఆప్షన్ ముందుండే గీతను ఉత్తగా రాస్తే కొన్ని కంప్యూటర్లలో అది అచ్చుపుస్తకాల హైఫన్‌గా మారుతుంది. చూపుకు రెండూ ఒకటే, కానీ నకలు తీసి ఆదేశంలో అతికిస్తే పనిచేయదు. గీతకు ముందు బ్యాక్‌స్లాష్ ఉండాలి.

బొద్దు, వాలు అక్షరాల దగ్గర మాత్రం మాకు వాదన జరిగింది. మావాడు అందం కోసం వాడాడు. నేను ఒప్పుకోలేదు. మాన్యువల్లో బొద్దుగా ఉన్నది ఉన్నదున్నట్టు టైపు చెయ్యాల్సింది. వాలుగా ఉన్నది, అంటే తెరమీద తరచు కింద గీతతో కనిపించేది, మన వివరం నింపాల్సిన చోటు. ఫారంలో అచ్చేసిన మాటకూ ఖాళీ గడికీ ఉన్న తేడానే అది. ఆ తేడా చెరిపేస్తే కొత్తగా చూసేవాళ్లు ఫైలు పేరుకు బదులు "ఫైలు" అనే మాటనే టైపు చేస్తారు.

అసలు తప్పు పేజీదొక్కటే కాదని కూడా చెప్పాను. నకలు పూర్తయిందో లేదో చూడకుండా చెరిపే ఆదేశం ఏం ఆదేశం? మొహం ముడుచుకున్నా, మర్నాటికి దాన్నీ మార్చాడు. హెచ్చరిక ఇప్పుడు "మూవ్" వివరణలో మొదటి వాక్యంగా, బొద్దు అక్షరాల్లో ఉంది. తెరమీద పేజీని నేను పైకి చదువుతుంటే, వాడు మూల ఫైలులో ఒక్కో లైనుకూ టిక్కు పెట్టుకున్నాడు, డే బుక్ సరిచూసినట్టు.