పాత పెట్రోలు జీపు స్లోలో నిలకడ తప్పితే ఏమి చూడాలి?

మట్టిదారులలో పాల క్యాన్లు మోయడానికి పాత పెట్రోలు జీపు వాడుకునే సంఘాలు, సభ్యులు ఈ పాఠం చదివి డ్రైవరుకు కూడా వినిపించాలని కోరుతున్నాను.

ఏక్సిలరేటర్ వదిలినప్పుడు ఇంజను ఒకసారి లేచి, ఒకసారి పడిపోతూ ఉంటే చాలామంది ముందుగా స్లో స్క్రూ బిగించి వేగం పెంచుతారు. శబ్దం కుదుటపడుతుంది గాని లోపం పోదు. పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. దిగుడులో ఏక్సిలరేటర్ వదిలినా ఇంజను బండిని తగినంత నిలువరించదు. వెనుక నిండు క్యాన్ల ట్రైలరు ఉన్నప్పుడు ఇది ప్రాణాపాయం. వెన్న శాతంలో తేడా వస్తే మనం ముందు పరికరాలు, ఆమ్లం, కొలత చూస్తాము. రిజిస్టరులో అంకె దిద్దము. ఇంజనుకూ అదే న్యాయం. స్క్రూ చివరి పని.

మహీంద్రా వారు 1947లో మన దేశంలో విల్లీస్ జీపులు కూర్చడం ప్రారంభించారు. తరువాత వచ్చిన పెట్రోలు జీపులలో చాలాకాలం 'హరికేన్' ఇంజను ఉండేది. నాలుగు సిలిండర్లు, సుమారు 2.2 లీటర్లు. దిగువ పరీక్షలు ఆ ఇంజనును దృష్టిలో ఉంచుకొని రాసినవి.

ముందు జాగ్రత్త: బండిని షెడ్డు బయట, సమతలంపై నిలిపి, చక్రాలకు అడ్డుకట్టెలు పెట్టండి. మూసిన షెడ్డులో ఇంజను పొగ ప్రాణం తీస్తుంది. బీడీ, అగ్గిపుల్ల దగ్గరకు రానీయవద్దు. ఇంజను బాగా వేడెక్కిన తరువాత ఛోక్ కొద్దిగా లాగి చూడండి. అప్పుడు కుదుటపడితే గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువైనట్లు. మొదటి రెండు అంశాలు జాగ్రత్తగా చూడండి.

1. గాలి: ఈ ఇంజనులో గాలి దారి హెడ్డులోనే పోతపోసి ఉంటుంది. కార్బరేటర్ నేరుగా దానిపై కూర్చుంటుంది. కనుక కార్బరేటర్ అడుగు ప్యాకింగ్, బోల్టులు ముందు చూడాలి. అతుకు చుట్టూ నాలుగు చుక్కల ఇంజన్ ఆయిల్ వేయండి. శబ్దం మారితే అక్కడే గాలి లాగుతున్నది. ఈ పరీక్షకు పెట్రోలు ఎన్నడూ వాడరాదు. గాలితో నడిచే వైపరు ఉంటే దాని గొట్టం తీసి, ఇంజను వైపు రంధ్రం వేలితో మూసి చూడండి.

2. పెట్రోలు: ఫిల్టరు, కార్బరేటర్ గిన్నె శుభ్రం చేయండి. స్లో జెట్టును గాలితో ఊదండి. తీగ పెట్టి పొడిస్తే రంధ్రం పెద్దదై మరో లోపం మొదలవుతుంది. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. దానికి తట్టుకోని పాత రబ్బరు గొట్టాలు మెత్తబడి, పెళుసుబారి, ఆ నలుసులు జెట్టుకు అడ్డుపడవచ్చు. అటువంటి గొట్టాలు మార్చాలి.

3. నిప్పు: ఇంజను ఆపి, ఒక ప్లగ్గు వైరు తీసి బాడీకి తగిలించి, మరల స్టార్టు చేయండి. శబ్దం ఏమీ మారకపోతే ఆ సిలిండరు ముందే పనిచేయడం లేదు. ఇలా నాలుగూ చూడండి. ప్లగ్గుపై పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా ఉంటే తక్కువ. నూనె తడి ఉంటే లోపల అరుగుదల. డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు కాలి ఉన్నాయేమో కూడా చూడండి. వైర్ల వరుస 1-3-4-2. మంచి ప్లగ్గు వేసినా సిలిండరు పలకకపోతే వాల్వుల పని మెకానిక్కుకు అప్పగించాలి.

4. స్క్రూలు: పైవన్నీ సరిచూసిన తరువాతనే. మిశ్రమం స్క్రూను మెల్లగా మూసి, ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకొని, తిరిగి అంతే విప్పండి. అక్కడి నుండి కొద్దికొద్దిగా తిప్పుతూ, ఇంజను నునుపుగా నడిచే చోట ఆపండి. ఆపైన స్లో స్క్రూతో వేగం తగ్గించండి.

ఒకసారి ఒకటే మార్చాలి. మార్చినది లాగ్ పుస్తకంలో తేదీతో రాయాలి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. కొత్త కార్బరేటర్ కొనుగోలుకు తీర్మానం చేసే ముందు పాలకవర్గం ఈ లాగ్ పుస్తకం అడిగి చూడాలి. చిన్న ప్యాకింగ్ ముక్కతో పోయే లోపానికి వేల రూపాయల వోచరు పెడితే, అది పూటపూటా పాలు పోసిన సభ్యుల సొమ్మే.