గుడ్డను ఎండ చూడనివ్వండి

ప్రశ్న: మాది బోధన్, శక్కర్‌నగర్ దగ్గర. బీడీలు చేస్తాను. ఎనిమిదో తరగతి చదివే మా పాప నెలసరికి పాత చీర గుడ్డలే వాడుతుంది. తొడల మధ్య దురద, ఎర్రటి పొక్కులు. ఆ రోజుల్లో బడికి పోనంటుంది. ప్రతినెలా ప్యాడ్లు కొనలేం. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, తప్పు గుడ్డది కాదు. ఎవరి కంటా పడకూడదని దాన్ని మంచం కిందో, మరో బట్ట చాటునో ఆరేస్తారు. సగం తడిగానే మళ్లీ వాడితే చర్మం నాని ఒరుసుకుపోతుంది, క్రిములు పెరుగుతాయి. చన్నీళ్లలో నానబెట్టి, సబ్బుతో ఉతికి, నేరుగా ఎండలో దండెం మీద వేయండి. నిజామాబాద్ ఎండను మించిన మందు లేదు. సిగ్గుపడి దాన్ని వదులుకోకండి. వానాకాలంలో ఇస్త్రీ చేయండి. మీ చేతులకు పొగాకు ఉంటుంది కాబట్టి, సబ్బుతో కడుక్కున్నాకే ఆ గుడ్డలు ముట్టుకోండి.

నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి. బడికి రెండు పొడి గుడ్డలు, వాడినది పెట్టుకోడానికి ఓ కవరు ఇచ్చి పంపండి. మరుగుదొడ్డికి గొళ్లెం, నీళ్లు ఉన్నాయా అని టీచరమ్మను మీరే అడగండి. అవి లేకపోతే ఏ పిల్లయినా ఇంట్లోనే ఉండిపోతుంది. జనఔషధి దుకాణాల్లో 2019 నుంచి ‘సువిధ’ ప్యాడ్ ఒక్కోటి రూపాయికే ఇస్తున్నారు. బడి రోజులకైనా అవి తెచ్చిపెట్టండి.

వారంలో దురద తగ్గకపోయినా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా, జ్వరం, పొత్తికడుపు నొప్పి ఉన్నా, రక్తస్రావం ఏడు రోజులు దాటినా ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని బోధన్ ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి.