ఓపా – వెచ్చని నెత్తురు గల చేప

చేపలు శీతరక్త జంతువులని మేము పాఠశాలలో వల్లించితిమి. పరీక్షలలో అట్లే వ్రాసి మార్కులు తెచ్చుకొంటిమి. ఆ వాక్యమునకు లొంగని చేప యొకటి కలదు. దాని పేరు ఓపా.

లాంప్రిడే కుటుంబమునకు చెందిన ఈ చేపలు మహాసముద్రములలో తీరమునకు దూరముగా సంచరించును. దేహము ప్రక్కల నుండి నొక్కినట్లు పలుచనై, బండిచక్రము వలె గుండ్రముగా నుండును. పెద్దవి 2 మీటర్ల వరకు పెరుగును. బాగుగా తెలిసిన జాతికి వెండి మేనిపై తెల్లని చుక్కలు, సిందూర వర్ణపు వాజములు కలవు. ఆ మసక నీటిలో ఇంత సొగసు ఎవరు చూడవలెనో!

కండరములు పనిచేయునపుడు ప్రతి చేపలోను వేడి పుట్టును. కాని ప్రాణవాయువు కొరకు రక్తము మొప్పలకు పోక తప్పదు. అచ్చట రక్తమునకు, చల్లని నీటికి నడుమ నున్నది అతి పలుచని పొర. ప్రాణవాయువు లోనికి వచ్చు దారిననే వేడి వెలుపలికి పోవును. ట్యూనాలు, కొన్ని సొరచేపలు ఈదు కండరములను వెచ్చగా నుంచుకొన్నను, వాని హృదయము చల్లబడును. అందుచే లోతునకు దిగినవి వేడి కొరకు మరల పైకి రావలసియుండును.

ఓపా ఈ చిక్కును మొప్పలలోనే విప్పినది. కాలిఫోర్నియాలోని లా హోయా మత్స్య పరిశోధన కేంద్రమునకు చెందిన నికొలాస్ వెగ్నర్, ఆయన సహచరులు 2015లో 'సైన్స్' పత్రికలో దీనిని వెల్లడించిరి. మొప్పలలోనికి పోవు వెచ్చని నాళములు, మరలివచ్చు చల్లని నాళములు ఒకదానినొకటి ఆనుకొని ఎదురెదురు దిశలలో సాగును. పోవు రక్తము తన వేడిని వచ్చు రక్తమునకు అప్పగించిన పిమ్మటనే నీటి దరి చేరును. ఇక నీరు దోచుకొనుటకు మిగులునది స్వల్పము. పైగా మొప్పలను, హృదయమును క్రొవ్వు పొర కప్పియుండును. వేడికి మూలము ఉరోవాజముల కండరములు. పక్షి రెక్కలల్లార్చినట్లు వానిని ఆడించుచు ఈ చేప ఈదును.

50 నుండి 300 మీటర్ల లోతున దాని దేహము చుట్టునున్న నీటికంటె సుమారు 5 డిగ్రీల సెల్సియస్ వెచ్చగా నున్నట్లు కొలతలు తెలిపినవి. మన దేహమునకు వలె నిలుకడయైన ఉష్ణోగ్రత దానికి లేదు గనుక క్షీరదములతో సమానమనుట అతిశయోక్తి. అయినను చలికి మందగించిన ఎరను వెంటాడుటకు ఆ 5 డిగ్రీలు చిన్న సాయము కాదు. పరీక్షలో ఆ పాత వాక్యము మరల వ్రాయవలసివచ్చినచో 'దాదాపు' అను మాట చేర్చెదము. మార్కు పోయినను సరే.

ఈ చేపల లెక్క కూడ మారినది. లాంప్రిస్ గుట్టాటస్ అను ఒక్క జాతిగా తలచినది నిజమునకు ఐదు జాతులని 2018లో తేలినది. హవాయి విపణిలో ఏళ్ల తరబడి ఆ ఒక్క పేరున అమ్ముడైనవి రెండు వేర్వేరు జాతులు. అందొకటి పెద్ద కన్నులు గలది.