దగ్గితే మూత్రం పడుతోందా?



మన వన్ టౌన్ కొండమీది ఇళ్ళ నుండి వచ్చే తల్లులు మోకాళ్ళ నొప్పులని ఓపీ చీటీ రాయించుకుంటారు. డాక్టరమ్మగారు చూసి పంపాక తలుపు దగ్గర ఆగి, "సిస్టరుగారూ, ఇంకో మాట" అంటారు. బిందె ఎత్తినా, మెట్లు దిగినా, తుమ్మినా చుక్కలు పడి చీర తడుస్తోందట. ఇంట్లో కూడా చెప్పుకోరు. బయటికి వెళ్ళాలంటే నీళ్ళు తాగడం మానేస్తారు. బెజవాడ ఎండల్లో అది ఇంకో జబ్బును పిలిచినట్టే.

దీనిని స్ట్రెస్ ఇన్‌కాంటినెన్స్ అంటారు. స్ట్రెస్ అంటే మనసులోని దిగులు కాదు, పొట్టలో నుండి మూత్రాశయం మీద పడే ఒత్తిడి.

మూత్రాశయం కింద గుడ్డ ఉయ్యాలలాగా కటి కండరాలు ఉంటాయి. మూత్రమార్గాన్ని చుట్టి బిగించే కండరం వేరే ఉంది. దానికి కబురు తెచ్చేది ప్యూడెండల్ నరం. అది నడుము దిగువన, త్రికాస్థి 2, 3, 4 నరాల నుండి పుడుతుంది. మనం దగ్గినప్పుడు ఈ నరం కబురందిస్తే కండరం బిగుసుకుని మూత్రాన్ని ఆపుతుంది.

కాన్పులో బిడ్డ తల దిగేటప్పుడు ఈ నరం సాగుతుంది. ముక్కడం చాలాసేపు పట్టినా, బిడ్డ బరువున్నా, ఫోర్సెప్స్ వేసినా మరింత సాగవచ్చు. చాలామందికి కొన్ని నెలల్లో కోలుకుంటుంది. కొందరికి కొంత లోపం మిగిలిపోయి, ముట్లుడిగాకో, ఒళ్ళు పెరిగాకో, దగ్గు, మలబద్ధకం పట్టుకున్నాకో బయటపడుతుంది. తప్పంతా నరానిదే కాదు. కాన్పులో కండరాలు చీలినా, సడలినా ఇలాగే అవుతుంది.

"పిల్లల్ని కన్నాక ఇంతే" అని పెద్దవాళ్ళు అంటే నమ్మకండి. అమెరికా డాక్టరు ఆర్నాల్డ్ కెగెల్ 1948లోనే దీనికి వ్యాయామం రాశారు. గ్యాస్ పోకుండా ఆపుకున్నట్టు లోపలికి, పైకి బిగించండి. కొన్ని సెకన్లు ఉంచి, పూర్తిగా వదలండి. ఊపిరి బిగబట్టవద్దు, తొడలు బిగించవద్దు. ఒక్కో పూటకు 8 సార్లు, రోజుకు 3 పూటలు, కనీసం 3 నెలలు చేయాలి. రెండు వారాలు చేసి "గుణం లేదు సిస్టర్" అంటే నేను ఒప్పుకోను! దగ్గు వచ్చే ముందు, బిందె ఎత్తే ముందు కూడా ఒకసారి బిగించండి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయవద్దు. సరిగ్గా బిగుస్తోందో లేదో తెలియకపోతే రండి, చూసి నేర్పుతాం. అప్పటికీ తగ్గనివారికి ఆపరేషన్లున్నాయి, వాటి మంచిచెడ్డలు డాక్టరుగారిని అడగండి.

మూత్రంలో మంట, రక్తం ఉన్నా, కష్టమైన కాన్పు తరువాత మూత్రం ఎడతెగకుండా కారుతున్నా వ్యాయామంతో కాలం గడపక చూపించుకోండి. కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, కాళ్ళు పట్టు తప్పినా, మూత్రం అసలు రాకపోయినా ఓపీ రోజు దాకా ఆగవద్దు. రాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి రండి.