తెరమీది సిలువ – మన యింటి మరణము

చదువవలసిన భాగములు: యోహాను 11:17-44, 20:24-29, ప్రకటన 20:13



“కరుణామయుడు” అను చలనచిత్రమును ఎరుగని క్రైస్తవ కుటుంబము మన నెల్లూరు తీరమున అరుదు. ఎ. భీమ్‌సింగ్ దర్శకత్వమున అది 1978వ సంవత్సరాంతమున వెలువడెను. ప్రభువు పాత్రను విజయచందర్ ధరించిరి. సిలువ మోసికొని పోవు ఘట్టములోని పాటను మోదుకూరి జాన్సన్ వ్రాయగా, మన నెల్లూరు బిడ్డ ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యం పాడిరి. తరువాత ఆ చిత్రమును ఊరూర తెరకట్టి చూపిరి.

మా పల్లెలో చూపిన రాత్రి ఇసుకలో చాపలు పరచుకొని అందరము కూర్చుంటిమి. మేకులు కొట్టునప్పుడు స్త్రీలు కొంగు నోటికి అడ్డము పెట్టుకొని ఏడ్చిరి. సమాధి తెరువబడగానే పిల్లలు చప్పట్లు కొట్టిరి. తెర విప్పుచుండగా ఒక ముసలి తల్లి మా యొద్దకు వచ్చి యిట్లనెను: “తెర మీద మూడో దినం పది నిమిషాల్లో వచ్చేసింది గదయ్యా. నా బిడ్డ వేటకి పోయి పదకొండేండ్లు. వాడి మూడో దినం ఎప్పుడయ్యా?”

ఆమె కుమారుని శవమైనను దొరకలేదు. మేము జవాబు చెప్పలేకపోతిమి. ఆ ప్రశ్నయే ఈ మాసపు పాఠము.

1. ప్రశ్నను ప్రభువునొద్దకే తేవలెను

ఆ తల్లి అవిశ్వాసియా? కాదు. మార్త ప్రభువును చూడగానే, ఆయన ముందే వచ్చియుంటే తన సహోదరుడు చావకపోవునని నిష్ఠూరమాడెను. తోమా గాయములను చూడనిదే నమ్మననెను. ప్రభువు వారిద్దరిలో ఎవరిని త్రోసివేయలేదు. మార్తతో పునరుత్థానమును గూర్చి మాటలాడెను. తోమాకు చేతులు చూపెను. సందేహమును దాచుకొని ప్రభువునకు దూరముగా పోవుటయే అపాయము.

2. ప్రభువు మరణము నటన కాదు

నటుడు చిత్రీకరణ ముగియగానే సిలువ దిగి, రంగు కడుగుకొని, భోజనమునకు పోవును. ఆ చిత్రమును తీసిన భీమ్‌సింగ్, అది విడుదల కాకమునుపే, 1978లోనే కన్నుమూసిరి. మరణమును తెరమీద చూపినవారికిని, చూచి ఏడ్చినవారికిని అది తప్పదు. మన ప్రభువు సిలువ దిగలేదు. తండ్రి తన్ను విడిచెనని కేకవేసి, మన మృతులు పోయిన చోటికే తానును పోయెను. మరణభయమునకు దాసులైన వారిని విడిపించుటకే ఆయన మరణించెనని హెబ్రీ 2:14, 15 బోధించుచున్నది.

3. మన మూడవ దినము రావలసియున్నది

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది కొట్టుకొనిపోయిరి. 2004లో క్రిస్మస్ మరునాడు, ఆదివారము ఉదయమున, సునామి మన తీరమును తాకెను. అట్టి వేళ, అది వారి పాపఫలమని చెప్పువారు కొందరుందురు. సిలోయము గోపురము పడి చచ్చిన పదునెనిమిదిమందిని గూర్చి ప్రభువు అట్టి తీర్పును ఖండించెను (లూకా 13:4). లాజరును లేపబోవుచున్నానని ఎరిగియు ఆయన కన్నీరు విడిచెను. కనుక ఏడ్చుట విశ్వాసలోపము కాదు.

శుక్రవారమునకును ఆదివారమునకును నడుమ శనివారమున్నది. దుఃఖపడు కుటుంబము ఆ శనివారమందున్నది. క్రీస్తు ప్రథమఫలము, తక్కినవారి వంతు ఆయన రాకడయందు వచ్చును (1 కొరింథీ 15:23).

కొన్ని దినములకు మేము ఆ తల్లి యింటికి పోయి, సముద్రము తనలోనున్న మృతులను అప్పగించునను వాక్యమును, అనగా ప్రకటన 20:13ను చదివితిమి. ఆమె చాలసేపు సముద్రము వైపు చూచి, “ఇంకోసారి చదవండయ్యా” అనెను. మరల చదివితిమి.

ఆలోచించుటకు:
1. మన సంఘములో బిడ్డను పోగొట్టుకొన్నవారిని ఈ మాసము ఎవరు దర్శించుదురు?
2. మనము ప్రభువునకు చెప్పక దాచుకొన్న ప్రశ్న ఏది?

ప్రార్థన: ప్రభువా, మరణమును రుచిచూచినవాడా, మా శనివారమున మాతోకూడ ఉండుము. నీ దినము వచ్చువరకు మా ఎదురుచూపును నిలుపుము. ఆమేన్.