ఎనిమిదికి లొంగనివి

నేను పియుసిలో సైన్స్ చదివి బి.ఏ.కి వచ్చాను. నాకు కెమిస్ట్రీ అంటే భయం పట్టుకున్నది రసాయన బంధం పాఠం దగ్గర. ఒక పేజీలో నియమం, కొన్ని పేజీలు తిప్పితే దానికే మినహాయింపులు! ఇన్నిచోట్ల తప్పే నియమం ఎందుకని అడగాలనిపించింది. అడగలేదు. పోయిన వారం మా తమ్ముడు అదే ప్రశ్న నన్ను అడిగాడు. మా ఇంట్లో అమ్మతో తెలుగు, నాన్నతో కన్నడ. వాడి పాఠం ఇంగ్లీషులో. నేను తెలుగులో చెప్పి చూశాను.

నియమం చిన్నదే. 1916లో లూయిస్, కోసెల్ వేర్వేరుగా చెప్పారు. పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకునో, ఇచ్చిపుచ్చుకునో బయటి కక్ష్యలో ఎనిమిది ఉండేలా చూసుకుంటాయి. ఇదే అష్టక నియమం. నీటిలో ఆక్సిజన్‌కి, మీథేన్‌లో కార్బన్‌కి ఎనిమిదే. హైడ్రోజన్‌కి మాత్రం రెండు చాలు.

లొంగనివి మూడు రకాలు.

1. తక్కువ ఉన్నవి: బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బోరాన్ చుట్టూ ఆరే ఎలక్ట్రాన్లు.

2. బేసి సంఖ్య ఉన్నవి: నైట్రిక్ ఆక్సైడ్‌లో నైట్రోజన్‌వి 5, ఆక్సిజన్‌వి 6, మొత్తం 11. ఎలా జత కట్టినా ఒకటి ఒంటరిగా మిగులుతుంది.

3. ఎక్కువ ఉన్నవి: ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్‌లో ఫాస్ఫరస్ చుట్టూ 10, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లో సల్ఫర్ చుట్టూ 12. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్‌ల బయటి కక్ష్యలో ఎనిమిదికే చోటు. ఫాస్ఫరస్, సల్ఫర్ వాటికన్నా పెద్దవి, చుట్టూ ఐదారు పరమాణువులు ఇముడుతాయి.

మరి నియమం దేనికి? సంధుల క్లాసులో 'బహుళం' విన్నప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. అకార సంధిలో మేన + అల్లుడు మేనల్లుడు అవుతుంది. దూత + ఇతడు మాత్రం దూతయితడు. అక్కడ సంధి జరగదు, యకారం వస్తుంది. అలాగని సూత్రాన్ని కొట్టేయం కదా! ఎక్కడ వర్తిస్తుందో, ఎక్కడ వర్తించదో తెలుసుకుంటాం.

బోరాన్ సంగతీ అంతే. నియమం తెలుసు గనకే రెండు తక్కువని లెక్క తేలింది. ఆ లోటు వల్లే అది అమ్మోనియాతో కలుస్తుంది. అమ్మోనియాలోని నైట్రోజన్ దగ్గర బంధంలో చేరని జత ఒకటి ఉంది. దాన్ని బోరాన్‌తో పంచుకుంటే బోరాన్‌కీ ఎనిమిది! అంటే మినహాయింపు తప్పు కాదు, తర్వాత ఏం జరగవచ్చో చెప్పే గుర్తు.

ఇది వినగానే తమ్ముడు, "అక్కా, ఇంతేనా!" అన్నాడు. ఇంతే. నాకే మూడేళ్ళు ఆలస్యమైంది. మీకు ఏ క్లాసులోనైనా డౌట్ వస్తే అప్పుడే అడిగేయండి.

— బి.ఏ. ద్వితీయ సంవత్సరం